చలి ముదరకముందే వుడ్ స్టవ్, చిమ్నీ రెడీ చేసుకోవడం ఎలా

న్యూ ఇంగ్లండ్ వైపో అప్‌స్టేట్ న్యూయార్క్ వైపో ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామందికి ఇంటితో పాటే లివింగ్ రూంలోనో బేస్‌మెంట్‌లోనో ఒక వుడ్ స్టవ్ కూడా వచ్చేస్తది. మొదటి ఏడాది దాన్ని చూసి ముచ్చటపడటంతోనే సరిపోతది, ఆయిల్ బిల్లులు చూశాక రెండో ఏడాది ఇక వెలిగిద్దాం అనిపిస్తది. వెలిగించాలి కూడా. 2008 డిసెంబర్‌లో ఐస్ స్టార్మ్ వచ్చినప్పుడు న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్‌లో లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది, కొన్నిచోట్ల రెండు వారాల దాకా రాలేదు, కరెంటు లేకపోతే ఫర్నెస్ ఎంత ఖరీదైనదైనా తిరగదు కదా, అలాంటప్పుడు ఇంట్లో సెగ ఇచ్చేది ఈ పొయ్యి ఒక్కటే. కాకపోతే ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని పొయ్యిలో, లోపల ఏముందో తెలియని చిమ్నీ కింద నేరుగా నిప్పు పెట్టడం మాత్రం చాలా ప్రమాదం. వెలిగించేముందు ఏమేం చేయాలో వరసగా చెప్తాను, కొంచెం పెద్దగానే ఉంటది, ఓపిగ్గా చదవండి.

ముందు క్రియోసోట్ అంటే ఏంటో తెలియాలి

ఇది అర్థమైతే మిగతా పనులన్నీ ఎందుకు చేస్తున్నామో వాటంతటవే అర్థమైపోతాయి. కట్టె మండేటప్పుడు లేచే పొగలో నీటి ఆవిరి, పూర్తిగా కాలని తారు లాంటి పదార్థాలు ఉంటాయి. పొగ బాగా వేడిగా ఉన్నంతసేపు ఇవన్నీ దాంతో పాటే పైకెళ్ళి బయటపడతాయి, అదే పొగ దారి మధ్యలో చల్లబడి సుమారు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ కంటే కిందికి దిగిందంటే చిమ్నీ లోపలి గోడకి అంటుకోవడం మొదలుపెడతాయి. మన ఊళ్ళల్లో పచ్చికట్టెలు పెడితే కళ్ళు మండి, ఏళ్ళు గడిచేకొద్దీ వంటింటి దూలాలు పొగచూరి నల్లగా నిగనిగలాడేవి గుర్తుందా, ఇక్కడ చిమ్నీ లోపల పట్టేదీ ఆ నలుపే.

మొదట్లో ఇది పొడిపొడి మసిలా ఉంటది, బ్రష్ తగిలితే రాలిపోతది. ఇంకొంచెం ముదిరితే గట్టిగా మెరిసే పెచ్చులవుతాయి, వీటిని ఊడగొట్టడానికి కాస్త కష్టపడాలి. అప్పటికీ పట్టించుకోకపోతే గోడ మీద తారు పోసి ఆరబెట్టినట్టు గాజులా గట్టిపడిపోతది, దానికి మామూలు బ్రష్ పనిచేయదు, కెమికల్ ట్రీట్‌మెంటో గొలుసులు తిప్పే మెషినో తెచ్చి ప్రొఫెషనల్ మనిషే చేయాలి. ఏ దశలో ఉన్నా క్రియోసోట్ మండుతది, ముదిరినకొద్దీ వదిలించడం కష్టం, అంటుకుంటే ఆర్పడం కష్టం. చిమ్నీ లోపల మంట లేస్తే వేడి 2000 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా పోగలదు, ఆ వేడికి మట్టి టైల్స్ పగులుతాయి, పగుళ్ళలోంచి సెగ గోడలోని చెక్క ఫ్రేమ్‌కి తగులుతది, ఇల్లు కాలేది అలా.

అందుకని నేను ఎవరికి చెప్పినా ఒకటే చెప్తాను, పొగ వేడి తగ్గకుండా చిమ్నీ పైదాకా పోవాలి, పోయే దారి శుభ్రంగా ఉండాలి. ఎండుకట్టెలు వాడమన్నా, తలుపు చుట్టూ ఉండే గాస్కెట్ తాడు మార్చమన్నా, రాత్రంతా గాలి నాబ్ బిగించి ఉంచొద్దన్నా అన్నీ దీనికోసమే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

కట్టెలు కొనాల్సింది వసంతకాలంలో, చిమ్నీ ఊడ్పించాల్సింది ఎండాకాలంలో. అక్టోబర్‌లో మొదటి చలిగాలి తగలగానే ఊరంతా ఒకేసారి చిమ్నీలు ఊడ్చే స్వీప్‌లకి ఫోన్లు చేస్తారు, అప్పుడు అపాయింట్‌మెంట్ దొరకడం గగనం. ఇంకో కారణం కూడా ఉంది, సీజన్ అయిపోయాక మసిని అలాగే వదిలేస్తే జూన్ జూలై ఉక్కలో తేమ పీల్చుకుని ఆమ్లంలా మారి స్టీల్ పైపుల్ని తినేస్తది, పైగా వాన పడ్డప్పుడల్లా ఇంట్లో కాలిన కంపు. ఒక్క జాగ్రత్త, ఇటుక చిమ్నీకి పైన మూత లేకపోతే ఎండాకాలంలో చిమ్నీ స్విఫ్ట్ అనే పిట్టలు లోపల గూడు కడతాయి, గుడ్లో పిల్లలో ఉన్న గూడు కదపడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చలి మొదలయ్యేలోపు అవే దక్షిణ అమెరికాకి వెళ్ళిపోతాయి, అవి వెళ్ళాక ఊడ్పించి వెంటనే మూత పెట్టించేయండి.

ఏడాదికోసారి చిమ్నీ చెక్ చేయించాలని ఇక్కడి ఫైర్ సేఫ్టీ స్టాండర్డ్ ఎన్ఎఫ్‌పీఏ 211 చెప్తది. అందులో చెకింగ్‌కి మూడు లెవెల్స్ ఉన్నాయి, ఏమీ మార్చకుండా అదే స్టవ్ వాడుతుంటే లెవెల్ 1 చాలు, కానీ ఇల్లు చేతులు మారినా, స్టవ్ మార్చినా, చిమ్నీలో ఒకసారి మంట అంటుకున్నా కెమెరా దింపి చూసే లెవెల్ 2 చేయించాలి. ఇల్లు కొనేటప్పుడు హోం ఇన్‌స్పెక్టర్ వచ్చి చూశాడు కదా అని ఊరుకోవద్దు, మామూలుగా వాళ్ళు చిమ్నీలో కెమెరా దింపరు. కొత్తగా ఇల్లు కొన్నవాళ్ళు మొదటి ఏడాది మాత్రం సీఎస్ఐఏ (ఇక్కడి చిమ్నీ సేఫ్టీ సంస్థ) సర్టిఫికేట్ ఉన్న స్వీప్‌నే పిలవండి, డబ్బులకి వెనకాడొద్దు. వాళ్ళు పని చేస్తున్నంతసేపు పక్కనే ఉండి చూడండి, లోపల లైనర్ (చిమ్నీ లోపలి పొర) ఉందా, అది స్టవ్ సైజుకి సరిపోయిందేనా, క్రియోసోట్ ఏ దశలో ఉంది, గోడకి దూరం సరిపోయిందా అని అడిగి, ఫోటోలతో రిపోర్ట్ తీసుకోండి. కెనడాలో ఉన్నవాళ్ళకి దీనికి వెట్ (కట్టెల పొయ్యిల పని నేర్పే సంస్థ) సర్టిఫికేట్ ఉన్నవాళ్ళుంటారు, ఒంటారియోలో చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు ఆ రిపోర్ట్ అడుగుతాయి. అమెరికాలో కూడా ఇంట్లో వుడ్ స్టవ్ ఉందని ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే చెప్పండి, దాచిపెడితే రేపు క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. కొత్త స్టవ్ పెట్టిస్తే టౌన్ పర్మిట్ తీసుకోవడం కూడా మర్చిపోవద్దు.

తర్వాతి ఏళ్ళలో మనమే బ్రష్ కొట్టుకోవాలంటే

చిమ్నీ నిటారుగా ఉండి, స్టీల్ లైనర్ ఉండి, లోపల పొడి మసి తప్ప ఇంకేం లేదని స్వీప్ చెప్పి ఉంటే ఈ పని మనం చేసుకోవచ్చు. వంపులు ఎక్కువున్నా, మెరిసే పెచ్చులు కనపడినా వాళ్ళకే వదిలేయండి. రూఫ్ ఎక్కొద్దు, మంచు పడే ఊళ్ళల్లో రూఫ్‌లు బాగా ఏటవాలుగా ఉంటాయి, అలవాటు లేనివాళ్ళు ఎక్కే పని కాదది. కింద నుంచి, స్టవ్ లోపలి నుంచే డ్రిల్‌కి తగిలించి తిప్పే వంగే రాడ్లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అవి చాలు.

స్టీల్ లైనర్‌కి పాలీ బ్రష్, మట్టి టైల్స్‌కి వైర్ బ్రష్. సైజు, షేపు లోపలి ఫ్లూకి, అంటే పొగ పోయే గొట్టానికి, సరిగ్గా సరిపోవాలి, 6 అంగుళాల గుండ్రటి ఫ్లూ అయితే 6 అంగుళాల గుండ్రటి బ్రషే. పొయ్యి పూర్తిగా చల్లారి ఉండాలి, మనమేమో ఎన్95 మాస్క్, కళ్ళద్దాలు పెట్టుకోవాలి. స్టవ్ లోపల పైన అడ్డంగా ఉండే బాఫిల్ పలకలు తీసి పక్కన పెట్టండి, తలుపు చోట ప్లాస్టిక్ షీట్ కట్టి నాలుగు పక్కలా టేప్ వేసి రాడ్ పట్టేంత చిన్న కన్నం మాత్రం పెట్టండి, లేదంటే ఆ నల్లటి దుమ్ము సోఫా మీదా కర్టెన్ల మీదా పడి వారం రోజులు తుడిచినా పోదు. రాడ్‌కి రాడ్ తగిలిస్తూ మెల్లగా పైకి పోనివ్వండి, డ్రిల్ ఎప్పుడూ కుడివైపే తిరగాలి, రివర్స్‌లో పెడితే మర ఊడి రాడ్ చిమ్నీలోనే ఉండిపోతది. మూత దగ్గరికి వచ్చాక బలంగా నెట్టొద్దు, మూతే ఊడి కింద పడొచ్చు.

అయిపోయాక ఒక గంట ఆగండి, దుమ్మంతా కిందికి దిగనివ్వండి. తర్వాత రాలినదాన్ని పారేసేముందు ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి, నల్లగా గోధుమరంగు కలిసిన పొడి అయితే నిరుడు బాగానే మండించినట్టు, నలిపితే పొడి అవకుండా గాజుముక్కల్లా మెరుస్తూ పెచ్చులొస్తే కట్టెలైనా తడివి అయ్యుండాలి, గాలి మరీ బిగించి మండించైనా ఉండాలి. గోడకి ఎనిమిదో వంతు అంగుళం మందం పట్టిందంటే సీజన్ మధ్యలో అయినా సరే ఊడ్చేయాల్సిందే. మూతకుండే జాలీని మాత్రం కింద నుంచి బైనాక్యులర్స్‌తో చూడండి, చిమ్నీ మొత్తంలో చల్లగా ఉండేది అదే కాబట్టి ముందు పూడుకుపోయేదీ అదే, స్టవ్ తలుపు తీయగానే పొగ ఇంట్లోకి వస్తుందంటే చాలాసార్లు తప్పు అక్కడే ఉంటది.

షాపుల్లో క్రియోసోట్ లాగ్ అని ఒకటి అమ్ముతారు, కాలిస్తే చిమ్నీ శుభ్రమైపోతది అన్నట్టు డబ్బా మీద రాస్తారు, అది పెచ్చుల్ని కాస్త పొడిబారేలా చేస్తదేమో గానీ బ్రష్ చేసే పని చేయదు.

స్టవ్ లోపల

టార్చ్ లైట్ తీసుకుని కూర్చోండి. ఇటుకల్లో వెంట్రుకంత పగుళ్ళు ఉంటే ఏం కాదు, పొడిపొడిగా రాలుతున్నా ముక్కలై కదులుతున్నా మార్చేయండి, చవకే. బాఫిల్ పలక విరిగితే మాత్రం ఆలస్యం చేయొద్దు, సెగ స్టవ్‌లో తిరగకుండా నేరుగా చిమ్నీలోకి పోతది, పొగ రెండోసారి మండటం ఆగిపోతది. పైన అడ్డంగా ఉండే గాలి ట్యూబుల కన్నాలు పూడుకుపోయాయేమో చూడండి. పోత ఇనుము స్టవ్ అయితే రాత్రి గదిలో లైట్లన్నీ ఆపి టార్చ్ లోపల పెట్టి బయటినుంచి చూడండి, అతుకుల దగ్గర సన్నటి వెలుగు గీత కనపడిందంటే ఆ సందులోంచి గాలి పోతున్నట్టే, ఫర్నెస్ సిమెంట్‌తో పూడ్చుకోవచ్చు.

మీది కాటలిటిక్ స్టవ్ అయితే పొగని కాల్చేసే, తేనెపట్టు గదుల్లా ఉండే కంబస్టర్ ఒకటి ఉంటది. దాన్ని మెత్తటి బ్రష్‌తో మాత్రమే దులపాలి, ఇనప బ్రష్ తగలకూడదు. సుమారు 500 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటాక గానీ అది పనిచేయడం మొదలుపెట్టదు, రంగేసిన చెక్కలు ప్లాస్టిక్‌లు వేస్తే త్వరగా పాడైపోతది. స్టవ్ వెనకాల ప్లేట్ మీద ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) సర్టిఫికేట్ ఉందేమో కూడా చూడండి. 1988లో మొదటిసారి పొగ మీద రూల్స్ వచ్చాయి, 2020 మే నుంచి కొత్తగా అమ్మే స్టవ్‌లు గంటకి 2 గ్రాముల కంటే, మామూలు కట్టెలతో టెస్ట్ చేస్తే రెండున్నర గ్రాముల కంటే ఎక్కువ పొగ రేణువులు వదలకూడదు. ప్లేట్ లేని పాత స్టవ్ అయితే ఎంత రిపేర్ చేసినా కట్టెలు తింటూనే ఉంటది, మార్చేయమనే నేను చెప్తాను.

అద్దానికి పట్టిన మసి పోవాలంటే తడి న్యూస్‌పేపర్‌ని ఆ బూడిదలోనే అద్ది రుద్దండి, మన అమ్మమ్మలు బూడిదతో గిన్నెలు తోమినట్టే పోతది. అద్దం చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

తలుపు గాస్కెట్, దీన్ని చాలామంది వదిలేస్తారు

తలుపు చుట్టూ ఫైబర్‌గ్లాస్ తాడు ఉంటది. ఏళ్ళు గడిచేకొద్దీ అది అణిగిపోయి గట్టిపడి సందుల్లోంచి గాలి లోపలికి లాగుతది, అప్పుడు మనం గాలి నాబ్ ఎంత తగ్గించినా మంట మన మాట వినదు. టెస్ట్ చాలా సులువు, ఒక డాలర్ నోటు తలుపు అంచున పెట్టి మూసి మెల్లగా లాగండి, బిగువుగా పట్టుకుంటే బాగున్నట్టు, జారి వచ్చేస్తే ఆ చోట పోయినట్టు. తలుపు చుట్టూ నాలుగు పక్కలా ఇలా చూడండి. కొన్నిసార్లు గొళ్ళెం కాస్త బిగిస్తేనే సరిపోతది.

మార్చాల్సి వస్తే ముందు మాన్యువల్‌లో తాడు మందం ఎంతో చూడండి, అర అంగుళమా, అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతులా (5/8) అన్నది చిన్న తేడాలా కనిపిస్తది గానీ మందం ఎక్కువైతే తలుపు పడదు, తక్కువైతే గాలి ఆగదు. పాత తాడు పీకి, గాడిలో మిగిలిన జిగురు స్క్రూడ్రైవర్‌తోనో వైర్ బ్రష్‌తోనో పూర్తిగా గీకేయాలి. 1980లకి ముందు నాటి స్టవ్ అయితే పాత తాడులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, దాన్ని పొడిగా గీకొద్దు, తెలిసినవాళ్ళ చేత తీయించండి. తర్వాత గాడిలో సన్నగా గాస్కెట్ సిమెంట్ పెట్టుకుంటూ తాడుని లోపలికి ఒత్తుకుంటూ పోవాలి, తాడుని లాగి సాగదీయకూడదు, సాగదీస్తే సన్నబడి మళ్ళీ గాలి లాగుతది. అతుకు మూలలో పడకుండా తిన్నగా ఉన్న చోట పడేలా చూసుకోండి. అయ్యాక మధ్యలో వ్యాక్స్ పేపర్ పెట్టి తలుపు మూసేసి, సిమెంట్ ట్యూబ్ మీద రాసినంతసేపు ఆరనివ్వండి.

పైపు, దూరాలు

స్టవ్ నుంచి గోడదాకా వెళ్ళే నల్ల పైపుని చేత్తో తట్టి చూడండి, గట్టిగా ఉండాలి, మెత్తగా నొక్కుకుపోతే లోపల తుప్పు తినేసినట్టు. ప్రతి అతుకుకీ మూడు స్క్రూలు ఉండాలి. పైపు సన్న మూతి స్టవ్ వైపుకి, కిందికి చూస్తూ ఉండాలి, చాలామందికి ఇది తలకిందులుగా అనిపిస్తది గానీ లోపల కారిన తారు లోపలే దిగి మంటలో కాలిపోవాలంటే అలాగే ఉండాలి, తిరగేస్తే అతుకుల్లోంచి బయటికి కారుతది.

మండే వస్తువులకి దూరం ఎంతుండాలో స్టవ్ వెనక ప్లేట్ మీద రాసి ఉంటది, అదే ఫైనల్. ప్లేట్ లేని పాత స్టవ్‌కి అయితే 36 అంగుళాలు, ఒంటి పొర పైపుకి 18 అంగుళాలు అని లెక్క. సోఫాలు, పిల్లల బొమ్మలు, కట్టెల బుట్ట అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. బట్టలు ఆరేసే స్టాండ్ కూడా, చలికాలంలో స్టవ్ పక్కన చీరలు టవళ్ళు ఆరేయాలనిపిస్తది, వద్దండి. బయట చిమ్నీ ఎత్తు విషయానికొస్తే రూఫ్‌లోంచి పైకొచ్చిన చోటు నుంచి కనీసం 3 అడుగులు, 10 అడుగుల లోపు ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎక్కువ ఎత్తు ఉండాలి. పొట్టిగా ఉంటే గాలి వీచినప్పుడల్లా పొగ వెనక్కి తంతది.

కట్టెలు, అసలు సగం పని ఇక్కడే

స్టవ్ ఎంత మంచిదైనా తడికట్టెలు వేస్తే దండగే. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో సగం దాకా నీళ్ళే ఉండొచ్చు, ఆ నీళ్ళు ఆవిరవడానికే మంట వేడంతా పోతది, పొగ చల్లబడుతది, చిమ్నీ గోడకి తారు పడతది. ఇక్కడ యాడ్స్‌లో సీజన్డ్ వుడ్ అని రాసి అమ్ముతారు, ఆ మాట నమ్మి కాల్చేయొద్దు, ఒక మాయిశ్చర్ మీటర్ కొనుక్కోండి, ఖరీదేం ఎక్కువ కాదు. కొలిచేటప్పుడు బయటి అంచుల్లో గుచ్చితే ఎప్పుడూ తక్కువే చూపిస్తది, ఒక మొద్దుని అక్కడికక్కడే గొడ్డలితో చీల్చి, చీలిన కొత్త ముఖం మధ్యలో, చెక్క నార పోయిన వైపే రెండు సూదులూ దిగేలా గుచ్చాలి. మీటర్ లేకపోయినా అంచనా వేయొచ్చు, బాగా ఎండిన కట్టె చివర్లు బూడిదరంగుకి తిరిగి నడుమ నుంచి పగుళ్ళు విచ్చుకుంటాయి, బెరడు ఊడొస్తది, చేతిలోకి తీసుకుంటే చూసినంత బరువుండదు, రెండు కట్టెలు ఒకదానికొకటి కొడితే టంగుమంటాయి, పచ్చివైతే దబ్ మంటాయి.

ఎండటానికి ఎంత కాలం అంటే చెట్టుని బట్టి. యాష్, మేపుల్ చీల్చి పేరిస్తే ఒక ఎండాకాలం దాటి ఏడాదికి వస్తాయి, ఓక్ మాత్రం రెండేళ్ళు అడుగుతది. ఓక్ చేవ గట్టిది, నెమ్మదిగా ఎండుతది, ఎండాక రాత్రంతా నిప్పులు నిలబెడతది. రెడ్ ఓక్ ఒక కార్డ్‌కి (కట్టెల కొలత, కింద చెప్తాను) సుమారు 24 మిలియన్ బీటీయూల వేడి ఇస్తది, పైన్ దానికన్నా చాలా తక్కువ. పైన్ వాడితే చిమ్నీ పాడైపోతది అని ఇక్కడివాళ్ళు చాలామంది అంటారు, అది నిజం కాదు, ఎండిన పైన్ నిశ్చింతగా వాడుకోవచ్చు, పచ్చి ఓక్ దానికన్నా ఎక్కువ చెరుపు చేస్తది.

కొనేటప్పుడు కొలత చూసుకోండి. ఫుల్ కార్డ్ అంటే 128 ఘనపు అడుగులు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు పేర్చిన కుప్ప. ఫేస్ కార్డ్ అంటే ఒక్క వరస, 16 అంగుళాల కట్టెలైతే అందులో మూడో వంతే. ట్రక్కులో గుమ్మరించి వెళ్ళిపోతే ఎంతొచ్చిందో తెలియదు, పేర్చాక టేప్ పెట్టి కొలవండి. దూరం నుంచి కట్టెలు తెచ్చుకోవద్దు, 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు ఇలా కట్టెలతోనే ఊరూరా పాకి యాష్ చెట్లని కోట్లలో చంపేసింది. అందుకే న్యూయార్క్ రాష్ట్రంలో వేడితో ట్రీట్ చేయని కట్టెల్ని 50 మైళ్ళు దాటించకూడదని రూల్ పెట్టారు.

పేర్చడం ఇంటికి ఆనించి కాదు, చెదలూ ఎలుకలూ వస్తాయి. కింద ప్యాలెట్లు వేసి నేలకి తగలకుండా, ఎండా గాలీ తగిలే చోట ఒంటి వరసలో పేర్చండి. టార్పాలిన్ పైన మాత్రమే కప్పాలి, చుట్టూ మూటగట్టినట్టు కప్పితే లోపల బూజు పడతది. వారానికి సరిపడా కట్టెలు ఇంట్లోకి తెచ్చి పెట్టుకుంటే పైన అంటిన మంచు తడి ఆరిపోతది.

ఏం కాల్చకూడదో కూడా ఇక్కడే చెప్తాను. ప్లైవుడ్, రంగేసిన చెక్క, ప్లాస్టిక్, క్రిస్మస్ గిఫ్ట్ పేపర్లు వద్దు. పాత డెక్ విప్పిన చెక్కలు అసలే వద్దు, 2003 దాకా డెక్‌లకి వాడిన ట్రీటెడ్ చెక్కలో ఆర్సెనిక్ ఉంటది. భోగికి పిల్లల సరదా కోసం విరిగిన కుర్చీలు టేబుళ్ళు ఈ పొయ్యిలో వేసే ఆలోచన ఎవరికైనా ఉంటే దయచేసి మానుకోండి, వార్నిష్ పొగ ఇంట్లోకే తిరిగొస్తది, శుభ్రమైన ఎండుకట్టె నాలుగు వేసినా భోగి మంటే.

అలారంలు, కిచెన్ హుడ్

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తది. ప్రతి అంతస్తులో, పడకగదుల బయట అలారం ఉండాలి, వెనకాల తయారీ తేదీ చూడండి, స్మోక్ అలారం 10 ఏళ్ళకి మార్చాలి, కార్బన్ మోనాక్సైడ్‌ది దాని మీద రాసిన గడువుకి. బ్యాటరీలు సీజన్ మొదట్లో మార్చేయండి.

మన ఇళ్ళకి ప్రత్యేకంగా ఒక సమస్య ఉంది, దీని గురించి ఇక్కడి గైడ్‌లు పెద్దగా రాయవు. తాళింపులకీ చేపల పులుసులకీ వేపుళ్ళకీ తట్టుకోవాలని మనం కిచెన్‌లో 900, 1200 సీఎఫ్ఎం (నిమిషానికి అన్ని ఘనపు అడుగుల గాలి లాగే) హుడ్‌లు పెట్టించుకుంటాం. కొత్త ఇళ్ళేమో గాలి దూరకుండా బిగువుగా కడతారు. అంత పెద్ద హుడ్ గాలి బయటికి లాగుతుంటే ఆ లోటు ఎక్కడినుంచో పూడాలి, పక్కనే ఉన్న చిమ్నీలోంచి పూడుతది, అంటే పైకి పోవాల్సిన పొగ కిందికి, ఇంట్లోకి వస్తది. 400 సీఎఫ్ఎం దాటిన హుడ్‌కి బయటి గాలి లోపలికొచ్చే ఏర్పాటు ఉండాలని చాలా రాష్ట్రాలు వాడే రెసిడెన్షియల్ కోడ్‌లోనే ఉంది, మీ ఇంట్లో ఉందో లేదో కనుక్కోండి.

టెస్ట్ చేయడానికి ఒక అగరుబత్తి చాలు. పొయ్యి చల్లగా ఉన్నప్పుడు కిటికీలన్నీ మూసి, హుడ్ ఫుల్‌లో పెట్టి, బాత్‌రూం ఫ్యాన్లు, డ్రయర్ అన్నీ ఆన్ చేసి, స్టవ్ తలుపు రెండు అంగుళాలు తెరిచి అగరుబత్తి అక్కడ పట్టుకోండి. పొగ లోపలికి పోతే సరే, మీ ముఖం మీదికి వస్తే హుడ్ వేసినప్పుడల్లా కిచెన్ కిటికీ కొంచెం తెరవాల్సిందే, లేదంటే స్టవ్‌కి విడిగా బయటి గాలి పైపు పెట్టించాలి. స్టవ్ మండుతుండగా హుడ్ హై స్పీడ్‌లో పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా చెప్పండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఈ విషయం వాళ్ళకి తెలియదు కదా.

మొదటి మంట

పెద్ద మంట వద్దు. కొత్త గాస్కెట్, కొత్త ఇటుకలు, కొత్త పెయింట్ ఉంటే మెల్లగా వేడెక్కాలి, పెయింట్ వాసన వస్తది, కిటికీ తీసి పెట్టుకోండి, పోతది.

ఇంటి బయటి గోడకి ఉన్న చిమ్నీలో చల్లగాలి నిండిపోయి కిందికి బరువుగా దిగుతుంటది, అందుకే మొదటిసారి పొగ గదిలోకి తంతది. తలుపు తీసి చెయ్యి పెడితే చల్లగా తెలుస్తది. అప్పుడు న్యూస్‌పేపర్ ఒకటి ఉండచుట్టి పైన బాఫిల్ దగ్గర వెలిగించి ఫ్లూ వేడిచేసి, గాలి పైకి తిరిగాకే అసలు మంట పెట్టండి. పేర్చడం మనకి అలవాటైనదానికి తలకిందులు, లావు కట్టెలు కింద మధ్యలో సందు వదిలి, వాటిమీద సన్నవి, వాటిమీద చితుకులు, అన్నిటికన్నా పైన కాగితం ఉండలు పెట్టి పైనుంచి వెలిగించాలి. మంట కిందికి దిగుతూ వస్తది, పైన అప్పటికే మంట ఉంటది కాబట్టి లేచిన పొగ కూడా కాలిపోతది. పెట్రోల్, కిరసనాయిలు చుక్క కూడా వద్దు.

గాలి ఫుల్‌గా తెరిచి ఉంచి, కట్టెలు బాగా రాజుకున్నాక విడతలవారీగా తగ్గించండి. పైపు మీద అయస్కాంతంతో అతుక్కునే థర్మామీటర్ ఒకటి పెట్టుకుంటే పొగ మరీ చల్లబడుతుందా మరీ వేడెక్కుతుందా అన్నది తెలుస్తది. ఇంకో చెక్, అరగంట తర్వాత బయటికెళ్ళి చిమ్నీ చూడండి, సన్నటి సెగ అలలు తప్ప ఏం కనపడకూడదు. నీలంగా బూడిదరంగుగా పొగ కమ్ముకుంటుంటే గాలి చాలట్లేదు, లేదా కట్టెలు తడివి. రాత్రి పడుకునేముందు నిండా కట్టెలు వేసి గాలి పూర్తిగా బిగించేయడం చాలామందికి అలవాటు, క్రియోసోట్ పట్టేది ఎక్కువ అప్పుడే. కట్టెలు వేశాక ఒక పావుగంట ఇరవై నిమిషాలు మంచి మంట రానిచ్చి, అప్పుడు తగ్గించి పడుకోండి.

బూడిద

నివురుగప్పిన నిప్పు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, బూడిద కింద నిప్పులు రోజుల తరబడి బతికుంటాయి. ఇనప బకెట్, బిగువైన ఇనప మూత, ఈ రెండూ తప్పనిసరి. పేపర్ బ్యాగ్, అట్టపెట్టె, ప్లాస్టిక్ బకెట్, మామూలు వాక్యూం క్లీనర్ ఏవీ పనికిరావు. ఆ బకెట్ డెక్ మీదో గరాజ్‌లోనో కాకుండా ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో నేల మీద పెట్టండి. పొయ్యిలో ఒక అంగుళం బూడిద ఉంచేస్తే మంట త్వరగా రాజుకుంటది కూడా. పూర్తిగా చల్లారింది తోటలో పలచగా చల్లుకోవచ్చు, బ్లూబెర్రీ లాంటి పులుపు మట్టి కావాల్సిన మొక్కలకి మాత్రం వద్దు.

చిమ్నీలో మంట అంటుకుంటే

పైపులోంచి పెద్ద హోరు వినపడతది, పైపు వణుకుతది, చిమ్నీ పైనుంచి నిప్పురవ్వలు లేస్తాయి. కొన్నిసార్లు ఇవేవీ లేకుండా నిదానంగా కాలి మనకి తెలియకుండానే అయిపోతది కూడా. తెలిసిన వెంటనే స్టవ్ తలుపు, గాలి నాబ్ అన్నీ మూసేయండి, ఇంట్లోవాళ్ళందర్నీ బయటికి తీసుకెళ్ళి 911కి ఫోన్ చేయండి. నీళ్ళు పోయొద్దు, కాగిన ఇనుమూ టైల్స్ ఒక్కసారిగా పగులుతాయి. మంట ఆగిపోయినట్టు కనిపించినా ఫైర్ డిపార్ట్‌మెంట్ వచ్చి గోడలు, అటక చూసేదాకా లోపలికి వెళ్ళొద్దు. ఆ తర్వాత కెమెరా దింపి లెవెల్ 2 చెకింగ్ చేసి లైనర్ బాగుందని రాసిచ్చేదాకా ఆ పొయ్యిలో అగ్గిపుల్ల కూడా గీయొద్దు.